'పోతే వచ్చేది' ఎంత? సెవరెన్స్ ప్యాకేజీలో కోత పడితే పోయేదేంటి, మిగిలేదేంటి

మొన్న ఆదివారం నల్లగండ్లలో చుట్టాల గృహప్రవేశం. వ్రతం అయ్యాక భోజనాలకు లైనులో నిలబడి ఉండగా మా పిన్ని కొడుకు నన్ను పక్కకు పిలిచి ఫోన్‌లో ఒక ఎక్సెల్ షీటు చూపించాడు. గచ్చిబౌలి వైపు ఒక విదేశీ కంపెనీ ఆఫీసులో తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాడు. షీటులో ఇంటి లోను ఈఎంఐ, పాప స్కూలు ఫీజు, బాబాయి మందుల ఖర్చు వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా కింద, పసుపు రంగు గడిలో 'పోతే వచ్చేది' అని రాసి ఎదురుగా 23 లక్షలు వేశాడు.

"అన్నా, పాలసీ మారుస్తున్నరంట. సగానికి కట్ చేస్తరంట. అంటే ఈ 23 కాస్తా పదకొండున్నర అయితదా?"

అవదు. సగం కన్నా ఎక్కువే మిగలొచ్చు. ఒక మాట దగ్గర పొరపాటు జరిగితే మాత్రం అంతకన్నా చాలా తక్కువే చేతికి రావచ్చు. ఆ 23 లక్షలు ఒకే లెక్క అనుకోవడంతోనే తికమక మొదలవుతుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో ఇప్పుడు నడుస్తున్న టెన్షన్‌లో సగం ఈ తికమకదే.

ఒక్క గడిలో నాలుగు లెక్కలు

ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బంతటినీ మనం 'ప్యాకేజీ' అనేస్తాం. నిజానికి అందులో కొంత ఇన్నేళ్లూ పనిచేసి మనం కూడబెట్టుకున్నది, కొంత చట్టం ఇప్పించేది, కొంత అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసుకున్నది, కొంత కంపెనీ తనంతట తాను ఇచ్చేది. అసలు సెవరెన్స్ అనాల్సింది ఈ చివరిదాన్నే.

మావాడి లెక్కే విడదీద్దాం. నెల జీతం లక్షన్నర, అందులో బేసిక్ 75 వేలు. గ్రాట్యుటీకి, అంటే ఏళ్ల సర్వీసును బట్టి చట్టం ఇప్పించే సొమ్ముకు, సూత్రం: బేసిక్‌ను 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి అతనికి పదేళ్లు. మొత్తం 4,32,692 రూపాయలు. వాడుకోని సెలవులు 24, వాటికి 60 వేలు. అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం రెండు నెలల నోటీసు, దానికి బదులు డబ్బిస్తే 3 లక్షలు. ఈ మూడూ కలిపితే 7,92,692. మిగతా 15 లక్షలు కంపెనీ పాలసీ: సర్వీసులో ఏడాదికి ఒక నెల పూర్తి జీతం.

ఇప్పుడు ఆఫీసులో వినిపిస్తున్న మాట ఏమిటంటే, ఏడాదికి అర నెల జీతమే ఇస్తారట, అదీ మొత్తం నాలుగు నెలలకు మించకుండా. అర నెల చొప్పున పదేళ్లకు ఐదు నెలల జీతం రావాలి, పరిమితి వల్ల నాలుగు నెలల దగ్గర ఆగిపోతుంది. అంటే 6 లక్షలు. కోత పడేది ఈ ఒక్క ముక్క మీదే, కానీ పడితే ఏకంగా 9 లక్షలు. 23 కాస్తా 14 అవుతుంది. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, నోటీసు జీతం ఎక్కడివి అక్కడే ఉంటాయి.

పీఎఫ్‌ను అతను షీటులో వేసుకోలేదు, మంచిదే. అది తన సొంత డబ్బు, ప్యాకేజీతో దానికి పనిలేదు.

'సగం' అన్న మాట కన్నా 'నాలుగు నెలలకు మించకుండా' అన్న మాటే ఎక్కువ కోస్తుంది, పాతవాళ్లను మరీనూ. మూడేళ్ల కిందట చేరిన అమ్మాయికి పాత పాలసీలో మూడు నెలల జీతం వస్తే కొత్తదాంట్లో నెలన్నర వస్తుంది. పదిహేనేళ్ల సర్వీసు ఉన్నాయనకు పదిహేను నెలల జీతం నాలుగు నెలలకు పడిపోతుంది. ఒకే పాలసీ, ఒకే ఫ్లోర్, కానీ ఇద్దరి దెబ్బా ఒకటి కాదు.

మనం లేఆఫ్ అనేది చట్టంలో లేఆఫ్ కాదు

మాదాపూర్‌లో 'లేఆఫ్ అయ్యాడు' అంటే ఉద్యోగం పోయిందని అర్థం. మన చట్టంలో లేఆఫ్ అంటే వేరు. ముడిసరుకు లేకనో, కరెంటు లేకనో, యంత్రం పాడయ్యో కొన్నాళ్లు పని ఇవ్వలేకపోవడం. అర్హత ఉన్న కార్మికుడికి ఆ రోజులకు బేసిక్, డీఏల్లో సగం ఇవ్వాలి. ఉద్యోగం అలాగే ఉంటుంది. ఐటీ ఆఫీసులో మనిషిని శాశ్వతంగా తీసేయడానికి దగ్గరగా ఉండే చట్టం మాట 'రిట్రెంచ్‌మెంట్': క్రమశిక్షణ చర్యగా కాకుండా వేరే ఏ కారణంతోనైనా యజమాని తొలగించడం. తనంతట తాను తప్పుకోవడం, రిటైర్మెంట్, గడువు ఒప్పందం ముగియడం దీని కిందికి రావు. మొదటి మినహాయింపును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే రావాలి.

చాలా ఏళ్లు ఈ వ్యవహారమంతా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద నడిచింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక దాని స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఉంది. రిట్రెంచ్‌మెంట్ మూల సూత్రం మారలేదు. ఏడాది పాటు వరసగా పనిచేసిన వర్కర్‌ను తీసేయాలంటే నెల నోటీసో, నెల వేతనమో ఇవ్వాలి. దాంతోపాటు ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ప్రభుత్వానికి తెలియజేయాలి.

'300 మంది దాటితే సర్కారు పర్మిషన్ లేకుండా తియ్యరాదట' అని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట కూడా ఈ కోడ్‌లోదే. పాత చట్టంలో ఆ అంకె 100. కానీ ఆ నిబంధన ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు. జీడిమెట్ల ఫ్యాక్టరీకి వర్తించొచ్చు. రాయదుర్గం టవర్లలో సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు 3,000 మంది ఉన్నా వర్తించదు.

మూడు రకాల 15 రోజులు

ఈ గొడవలో జనం ఎక్కువగా కలిపేసుకునేది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం. '15 రోజుల జీతం' అనే మాట మూడు చోట్ల వస్తుంది, మూడూ వేర్వేరు.

మొదటిది గ్రాట్యుటీ. ఇక్కడ నెలంటే 26 పనిరోజులు. కాబట్టి 75 వేల బేసిక్‌కు 15 రోజులంటే 43,269 రూపాయలు. మామూలుగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి. రాజీనామా చేసినా, తీసేసినా వస్తుంది.

రెండోది రిట్రెంచ్‌మెంట్ పరిహారం. గ్రాట్యుటీలోని 26 లెక్కను దీనికి తగిలించకూడదని పాత చట్టం కింద సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. కాబట్టి 15 రోజులంటే నెలలో సగం, 37,500. పదేళ్లకు 3,75,000. రాజీనామా చేస్తే ఇందులో రూపాయి కూడా రాదు.

మూడోది కొత్త కోడ్‌తో వచ్చింది, పేరు రీస్కిల్లింగ్ ఫండ్. రిట్రెంచ్ అయిన ప్రతి వర్కర్ కోసం యజమాని 15 రోజుల వేతనం ఆ నిధికి కట్టాలి. 45 రోజుల్లోగా అది వర్కర్ ఖాతాలో పడాలి. ఇది ఏడాదికి 15 రోజులు కాదు, మొత్తానికి ఒక్కసారే. మావాడికైతే మరో 37,500. దీన్ని పదితో గుణించి 'కొత్త చట్టంలో డబుల్ వస్తుంది' అని మురిసిపోయినవాళ్లను కూడా చూశాను.

కొత్త కోడ్‌లు తెచ్చిన అసలు తేడా వేతనం నిర్వచనంలో ఉంది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంలోనే కలిపి లెక్కేయాలి. ఇదివరకు మావాడి బేసిక్ 60 వేలే. ఆ లెక్కన గ్రాట్యుటీ 3,46,154 వచ్చేది. బేసిక్‌ను జీతంలో సగం చేశాక 86,538 రూపాయలు పెరిగింది. గ్రాట్యుటీ, సెలవుల బాధ్యత పెరిగిందంటూ టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి కంపెనీలు 2025 డిసెంబరు త్రైమాసికం లెక్కల్లో ప్రత్యేకంగా ఖర్చు చూపించింది ఇందుకే. చట్టం ఇప్పించే వాటా పెరిగినప్పుడు కంపెనీ తన ఇష్టంతో ఇచ్చే వాటా మీద కన్నేయడంలో వింతేమీ లేదు.

ఆ 6 లక్షల పాలసీ పేపరులో ఇంకో చిన్న వాక్యం ఉండొచ్చు: 'చట్టప్రకారం చెల్లించాల్సిన పరిహారం ఇందులో కలిసే ఉంది' అని. ఆ వాక్యం ఉంటే, 6 లక్షల్లో 3,75,000 ఎలాగూ చట్టం ఇప్పించగలిగేదే. కంపెనీ తన జేబులోంచి తీసేది 2,25,000. ఆ వాక్యం లేకపోతే రెండూ విడివిడిగా రావాలని అడగొచ్చు. ప్యాకేజీ పెద్దదా చిన్నదా అన్నది తేల్చడానికి నెలల అంకె చాలదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 'వర్కర్' అవుతాడా

ఇప్పటిదాకా చెప్పిన పరిహారమంతా 'వర్కర్'కే. అందరూ ఇక్కడే చతికిలబడతారు. 'నెలకు 18 వేలు దాటితే వర్కర్ కాదు' అని చాలామంది నమ్మకం. ఆ పరిమితి సూపర్‌వైజర్ పని చేసేవాళ్లకే. సాంకేతిక పని, నైపుణ్యం పని, గుమాస్తా పని చేసేవాళ్లకు జీతం పరిమితే లేదు. మేనేజర్, పరిపాలన హోదాల్లో ఉన్నవాళ్లు మాత్రం పూర్తిగా బయటే.

కోర్టులు విజిటింగ్ కార్డు మీది పేరు చూడవు, రోజూ చేసే పని చూస్తాయి. 'అసోసియేట్ మేనేజర్' అని రాసి ఉన్నా రోజంతా కోడ్ రాసి, ఎవరికీ సెలవు మంజూరు చేయకుండా, ఎవరికీ అప్రైజల్ రేటింగ్ వేయకుండా ఉంటే వర్కర్‌నని వాదించడానికి చోటుంది. పన్నెండు మందికి రేటింగులు వేసి, ఎవరిని తీసేయాలో చెప్పే చోట కూర్చున్నవాళ్లకు ఆ వాదన నిలబడటం కష్టం. మధ్యలో ఉన్నవాళ్లు, అంటే ఐటీలో పదేళ్లు దాటిన చాలామంది, నిజంగానే మధ్యలో ఉన్నారు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామన్నప్పుడు ఎక్కువగా మధ్య, పై స్థాయులవాళ్లే అని చెప్పింది. చట్టం ఎవరి విషయంలో తేటగా లేదో కోత కూడా అక్కడే పడింది.

తెలంగాణలో ఇంకో అండ కూడా ఉంది, 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. ఇది రాష్ట్ర చట్టం కాబట్టి కేంద్రం కోడ్‌లతో రద్దు కాలేదు. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల నోటీసో నెల వేతనమో ఇవ్వకుండా తీసేయకూడదంటుంది. సంస్థను నడిపించే స్థానంలో ఉన్నవాళ్లకు ఇదీ వర్తించదు. ఇలాంటి వివాదాలు చేరే కార్మిక శాఖ కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఐటీ కారిడార్‌లో చాలామంది ఆ దారిన సినిమాకి వెళ్లి ఉంటారు గానీ ఆ భవనం గుమ్మం ఎక్కి ఉండరు.

అమెరికా మెయిలు, హైదరాబాద్ ఇన్‌బాక్స్

2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నామని చెప్పినప్పుడు, అమెరికా ఉద్యోగులకు 16 వారాల జీతం, దాని మీద ప్రతి అదనపు ఏడాదికి రెండు వారాలు ఇస్తామని సుందర్ పిచాయ్ మెయిలులో రాశారు. వేరే దేశాలవాళ్లకు అక్కడి పద్ధతుల ప్రకారం అన్నారు. 2022 నవంబరులో మెటా కూడా అమెరికాలో 16 వారాలు, దాని మీద ఏడాదికి రెండు వారాలు ప్రకటించింది. మన దగ్గర 'పెద్ద కంపెనీ ప్యాకేజీ' అనగానే మనసులో మెదిలే అంకెలు ఇవే.

అమెరికాలో సెవరెన్స్ తప్పనిసరి అనే కేంద్ర చట్టం లేదు. వంద మంది పైబడిన కంపెనీ సామూహికంగా తీసేసేటప్పుడు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనే చట్టం మాత్రం ఉంది. న్యూజెర్సీ లాంటి రాష్ట్రంలో 2023 నుంచి పెద్ద కోతలకు ఏడాదికి వారం జీతం తప్పనిసరి. మిగతాదంతా కంపెనీ పాలసీ. అందుకే అక్కడ పాలసీ కోత అంటే ఉన్నదంతా కదిలినట్టు. 2022లో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక, ముందు చెప్పినంత సెవరెన్స్ ఇవ్వలేదని మాజీ ఉద్యోగులు కోర్టుకు వెళ్తే, 2024 జులైలో అందులో ఒక పెద్ద దావాను ఫెడరల్ కోర్టు కొట్టేసింది.

అదే కోత మెయిలు హైదరాబాద్‌కు వస్తే కింద ఒక నేల ఉంటుంది: గ్రాట్యుటీ, సెలవులు, నోటీసు, వర్కర్ అయితే పరిహారం. నేల ఎత్తు తక్కువే, కానీ పాలసీ మార్చినంత మాత్రాన అది దిగదు.

కంపెనీ అనుకున్నప్పుడల్లా మార్చొచ్చా

సెవరెన్స్ ఎంత అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే రాసి ఉంటే అది ఒప్పందం, ఒకవైపు నుంచి మార్చడం కుదరదు. చాలా లెటర్లలో అలా ఉండదు. 'ఎప్పటికప్పుడు సవరించే కంపెనీ పాలసీలకు లోబడి' అని ఉంటుంది. అలా ఉన్నచోట, ఇంకా ఎవరికీ లెటర్ ఇవ్వకముందు ఇకపై వర్తించేలా మార్చే వీలు మాకుందని యాజమాన్యం అంటుంది. ఆ మాటకు బలం ఉంది.

ఉద్యోగుల వైపు వాదన కూడా గాలిలోది కాదు. ఏళ్ల తరబడి అలవాటుగా ఇస్తున్న సౌకర్యాన్ని తీసేయడం అంటే వర్కర్ సేవా నిబంధనలను మార్చడమే, దానికి 21 రోజుల ముందు నోటీసు కావాలని పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ఇదివరకు రెండు మూడు విడతల్లో అందరికీ ఏడాదికి నెల చొప్పునే ఇచ్చి ఉంటే, అది అలవాటు కిందికి వస్తుందనే వాదనకు ఊతం దొరుకుతుంది. కానీ ఇది వర్కర్లకే. దాని మీద తగవు పడితే తేలడానికి ఏళ్లు పడుతుంది.

కంపెనీలు ఎందుకు తగ్గిస్తాయంటే ఒక్క కారణం లేదు. గ్రాట్యుటీకి ఏటా కొంత పక్కన పెడుతూ వస్తారు, సెవరెన్స్ ఖర్చు మాత్రం కోత ప్రకటించిన త్రైమాసికంలోనే ఒక్కసారిగా లాభాన్ని తినేస్తుంది. ఒకసారికైతే ఉదారంగా ఇచ్చేవాళ్లు, ఏటా కొంతమందిని తీసేసే పద్ధతిలో పడ్డాక అంత ఇవ్వరు. రెండు కంపెనీలు కలిసినప్పుడు తక్కువ ఇచ్చేవాళ్ల పాలసీ దగ్గరికి సర్దుతారు. కాబట్టి పాలసీ మారింది కదా అని వచ్చే నెలలోనే కోత ఉందనుకోనక్కర్లేదు. కాకపోతే మనిషిని తీసేయడం చవకైతే తీసేసే ముందు యాజమాన్యం వేసుకునే లెక్క కూడా తేలికవుతుంది. ఉద్యోగుల భయానికి మూలం అదే, ఆ భయం అర్థం లేనిదని నేను అనను.

ఏ పాలసీతోనూ సంబంధం లేనివాళ్లు కూడా అదే ఆఫీసులో ఉన్నారు. థర్డ్ పార్టీ పేరోల్ మీద పనిచేసే టెస్టర్‌కు, హౌస్‌కీపింగ్ వాళ్లకు, సెక్యూరిటీ గార్డుకు జీతం ఇచ్చేది వేరే ఏజెన్సీ, కాబట్టి ఈ ప్యాకేజీ వాళ్లది కాదు. గడువు ఒప్పందం మీద ఉన్నవాళ్లకు కొత్త కోడ్‌తో ఒక మేలు జరిగింది: ఏడాది చేసినా గ్రాట్యుటీ వస్తుంది.

'మీరే రిజైన్ చేయండి'

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. మన ఐటీ ఆఫీసుల్లో చాలా కోతలు రిట్రెంచ్‌మెంట్ అనే పేరుతో జరగవు. మీటింగ్ రూములోకి పిలుస్తారు, హెచ్‌ఆర్ ఒకరు, మేనేజర్ ఒకరు. 'రికార్డు క్లీన్‌గా ఉంటుంది, రిలీవింగ్ లెటర్ బాగుంటుంది, సాయంత్రంలోపు రిజైన్ పెట్టేయండి' అంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ భయం నిజమైనదే కాబట్టి చాలామంది పెట్టేస్తారు.

అలా పెడితే మావాడి లెక్క ఏమవుతుంది? గ్రాట్యుటీ, సెలవులు కలిపి 4,92,692 వస్తాయి. నోటీసు కాలం పనిచేస్తే ఆ జీతం వస్తుంది. చట్టం పరిహారం 3,75,000 పోతుంది, ఎందుకంటే కాగితం మీద అతనే తప్పుకున్నాడు. పాలసీ డబ్బు వస్తుందా రాదా అన్నది ఆ రోజు హెచ్‌ఆర్ రాసిచ్చే కాగితాన్ని బట్టి. బలవంతంగా రాయించిన రాజీనామాను కోర్టులు తొలగింపుగా పరిగణించిన సందర్భాలు ఉన్నాయి, కానీ బలవంతం జరిగిందని రుజువు చేయాల్సింది ఉద్యోగే. కొన్ని కంపెనీలు రాజీనామా పెట్టించుకున్నా మంచి మొత్తమే ఇస్తాయి, దానికి బదులుగా 'ఇక ఏ క్లెయిమూ చేయను' అని సంతకం తీసుకుంటాయి. కంపెనీ దృష్టిలో సెవరెన్స్ ఆ సంతకానికి ఇచ్చే వెల. వెల తగ్గిస్తే సంతకం పెట్టేవాళ్లూ తగ్గొచ్చన్నది యాజమాన్యాలకూ తెలుసు.

పన్ను వచ్చి కూర్చుంటుంది

షీటులో మావాడు అసలు లెక్కే వేసుకోనిది ఇది. గ్రాట్యుటీకి 20 లక్షల దాకా, ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే సెలవుల డబ్బుకు 25 లక్షల దాకా, వాటి వాటి సూత్రాలకు లోబడి పన్ను మినహాయింపు ఉంది. వర్కర్‌కు వచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి చట్టం లెక్కగట్టిన మొత్తం వరకు, 5 లక్షలు మించకుండా, మినహాయింపు దొరుకుతుంది. నోటీసు జీతానికి, కంపెనీ ఇష్టంగా ఇచ్చే మిగతా సొమ్ముకు మాత్రం జీతం మీద పడినట్టే పన్ను పడుతుంది. కొత్త పన్ను విధానంలో ఏడాది ఆదాయం 24 లక్షలు దాటితే, దాటిన భాగం మీద 30 శాతం.

ఇక్కడ నెల కూడా ముఖ్యమే. ఫిబ్రవరిలో ఉద్యోగం పోతే పదకొండు నెలల జీతం మీద ఈ 15 లక్షలూ వచ్చి పడి, ఒక భాగం పై శ్లాబులోకి వెళ్తుంది. అదే మే నెలలో పోతే, ఆ ఏడాది వేరే జీతం పెద్దగా ఉండదు కాబట్టి పన్ను తక్కువే.

భోజనాలయ్యాక మావాడు మెట్ల మీద కూర్చుని ఆ పసుపు గడిని ఐదు వరసలు చేశాడు. నాలుగింటికి అంకెలు పడ్డాయి. 'పాలసీ' అన్న వరసలో 15 అని వేసి, కొట్టేసి, 6 అని వేసి, మళ్లీ తీసేశాడు. "2016 ఆఫర్ లెటర్ పాత జీమెయిల్ల ఉండాలె అన్నా, ఇంటికి పోయి చూస్త" అంటూ లేచి, పాపను ఎత్తుకుని తాంబూలం ఇచ్చే చోటికి నడిచాడు.